డబ్బా మీద పేరు, నోట్లో పేరు

పలాస

చిన్నా, అమ్మలూ,

సంక్రాంతికి వచ్చినప్పుడు మీరిద్దరూ లాప్‌టాప్ తెరిచి, జీడిపప్పు కొట్టు కోసం చేసిన వెబ్ అప్లికేషన్ చూపించారు కదా. నాన్నమ్మ కళ్లజోడు సర్దుకుని "ఇదేటర్రా, కస్ట్ గీత ఎన్నెమ్మా?" అంది. అందరం నవ్వాం. తర్వాత ఆలోచిస్తే, తప్పు ఆవిడది కాదర్రా. డేటాబేస్‌లో కాలమ్‌కి 'కస్టమర్ నేమ్'ని కుదించి మీరు పెట్టుకున్న పొట్టిపేరునే తెచ్చి ఫారం మీద అతికించేశారు.

నేను జీడి ఫ్యాక్టరీలో లెక్కలు రాసినవాణ్ణి. డబ్బాల మీద డబ్ల్యూ 320 అని ఉండేది. డబ్ల్యూ అంటే విరగని తెల్ల పప్పు, 320 అంటే పౌనుకి ఇంచుమించు అన్ని గింజలు తూగుతాయని. అదే 240 అయితే గింజ ఇంకా లావు, ధరా ఎక్కువే. మాకు ఆ గుర్తు చాలు. కొట్లో పావుకిలో కొనేవాడు మాత్రం "గుండ్లున్నాయా, బద్దలా?" అంటాడు. వాడి కోసం షావుకారు డబ్బా మీద గుర్తు చెరపడు. నోటితో "గుండ్లే బాబూ" అంటాడు, చెయ్యి డబ్ల్యూ 320లోకి పోతుంది.

మీ కాలమ్ పేరు డబ్బా మీద గుర్తు లాంటిది. దాన్ని కదపకండి. తెలుగులోనే కాలమ్ పేరు పెట్టేస్తే పోలా అని చిన్నాకి అనిపించొచ్చు. రేపు 'కొనేవారి పేరు'ని 'ఖాతాదారు పేరు' చేయాలనిపిస్తే, ఆ కాలమ్‌ని వాడిన ప్రతి క్వెరీనీ, అంటే డేటాబేస్‌ని అడిగే ప్రతి ప్రశ్ననీ, వెతుక్కోవాలి. ఫారం మీద కనిపించే పేరు, అంటే లేబుల్ అయితే ఒక్కచోట మారిస్తే సరి. ఫాక్స్‌ప్రో అనే పాత డేటాబేస్ సాఫ్ట్‌వేర్ వాడిన మా రోజుల్లో ఫీల్డు (కాలమ్) పేరుకి 10 అక్షరాలే ఇచ్చేవారు, అందుకే అచ్చులన్నీ మింగేసి రాసేవాళ్లం. ఆ అలవాటు మీకెలా అంటిందో!

లేబుల్ అందానికే అనుకోకండి. పక్కింటి రైతు మీ ఫారంలో 'క్యూటీవై' (క్వాంటిటీకి పొట్టిపేరు) అన్న గడిలో 3 కొట్టాడు, గుర్తుందా? ఆయన లెక్కలో అది మూడు బస్తాల పిక్కలు, అంటే పెంకు తీయని జీడిగింజలు. ఉద్దానంలో బస్తా అంటే 80 కిలోలు. మీ టేబుల్లో మూడు కిలోలు పడింది. 240 కిలోల సరుకు అక్కడే మాయం! "ఎన్ని బస్తాలు? (బస్తా 80 కిలోలు)" అని అడగండి, గుణించి కిలోల్లో దాచుకునే పని కోడ్ చూసుకుంటుంది.

నా అనుభవం ఇంకోటి. ఒక ఆఫీసువాళ్ల ఫారంలో 'లాస్ట్ నేమ్' అని ఉంటే, ఆఖర్న వచ్చేది నా పేరే కదా అని అదే రాశాను. ఇంటిపేరు ముందు గడిలో పడింది. కార్డు మీద పేరు తిరగబడి వచ్చింది. రెండుసార్లు తిరిగాను దాన్ని సరిచేయించడానికి. 'ఇంటిపేరు' అని ఒక్క మాట ఉంటే ఆ బస్సు ఛార్జీలు మిగిలేవి.

వెబ్ అప్లికేషన్లు కట్టే జాంగో అనే పనిముట్టులో ప్రతి ఫీల్డుకీ వెర్బోస్ నేమ్ అని, అంటే మనుషులు చదివే పేరు, ఒకటి ఇవ్వొచ్చు. ఇవ్వకపోతే అది అండర్‌స్కోర్ తీసేసి ఖాళీ పెడుతుంది, అంతే. 'కస్ట్ గీత ఎన్నెమ్' కాస్తా 'కస్ట్ ఎన్నెమ్' అవుతుంది. నాన్నమ్మకి ఏం ఒరిగింది? పేరు మనమే పెట్టాలి. ఫారం, పట్టిక తలకట్టు, ఎక్సెల్ డౌన్‌లోడ్ అన్నీ ఆ ఒక్కచోటి నుంచే తీసుకోవాలి. తప్పు సందేశాలు మరీ ముఖ్యం, అందరూ అక్కడే మర్చిపోతారు. పైన చక్కగా 'కొనేవారి పేరు' అని రాసి, గడి ఖాళీగా వదిలితే కింద ఎర్రగా మళ్లీ అదే 'కస్ట్ గీత ఎన్నెమ్ కావాలి' అంటే ఎవరికి అర్థమవుతుంది?

అమ్మలూ, నువ్వు గడి లోపలే బూడిదరంగులో పేరు రాశావు. టైప్ చేయగానే అది మాయమై, ఏ గడిలో ఏం రాస్తున్నామో నాన్నమ్మ మర్చిపోయింది. గడి బయట లేబుల్ ట్యాగుతోనే రాసి, దాన్ని ఆ గడి ఐడీకి ముడిపెట్టు. పేరు మీద నొక్కినా కర్సర్ గడిలోకి వెళ్తుంది, చూపు లేనివాళ్లకి స్క్రీన్ రీడర్ చదివి వినిపిస్తుంది.

వేసవికి వచ్చేసరికి మార్చి తీసుకురండి. అప్పటికి పిక్కలు దిగుతుంటాయి, పక్కింటాయన మళ్లీ వస్తానన్నాడు.

మీ తాత