బాస్కర్‌విల్ కుక్క వెనుక ఉన్నది మనిషే

నల్లగొండ, పాలమూరు పల్లెల్లో ఇప్పటికీ ఒక ఇంట్లో వరుసగా ఇద్దరు మంచాన పడ్డా, పాలిచ్చే బర్రె ఉన్నట్టుండి చచ్చిపోయినా "ఎవరో ఏదో చేసిండ్రు" అనే మాటే ముందు పుడుతుంది. బాణామతి, అంటే చేతబడి, అనుమానంతో మనుషుల్ని కొట్టిన, చంపిన వార్తలు చదువుతూనే ఉన్నాం. అందుకే ఆర్థర్ కానన్ డాయల్ రాసిన 'ది హౌండ్ ఆఫ్ ది బాస్కర్‌విల్స్' మన జిల్లాలవాళ్లు తప్పకుండా చదవాలంటాను.

1893 డిసెంబరులో డాయల్ తన డిటెక్టివ్ షెర్లాక్ హోమ్స్‌ను ఒక కథలో జలపాతంలో పడేసి చంపేశాడు. చరిత్ర నవలలు రాసుకోవాలని ఆయన కోరిక, పాఠకులేమో ఊరుకోలేదు. ఎనిమిదేళ్ల తర్వాత ఫ్లెచర్ రాబిన్సన్ అనే జర్నలిస్టు మిత్రుడు దయ్యపు కుక్క కథ చెప్పడం, ఇద్దరూ కలిసి ఇంగ్లండ్‌లోని డార్ట్‌మూర్ బీళ్లన్నీ తిరగడం, 1901 ఆగస్టు నుంచి 1902 ఏప్రిల్ దాకా స్ట్రాండ్ మ్యాగజైన్‌లో ఈ నవల సీరియల్‌గా రావడం, అన్నీ చకచకా జరిగిపోయాయి. హోమ్స్ చావుకు ముందు జరిగిన కేసుగా రాశాడు గానీ 1903లో ఆయన్ని బతికించక తప్పలేదు.

సరిగ్గా అదే 1901 సెప్టెంబరులో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం అనే తెలుగు గ్రంథాలయం మొదలైంది. నిజాం రాజ్యంలో తెలుగు చదువరి బలం కూడదీసుకుంటున్న రోజులవి. బడి చదువు ఉర్దూలో కాబట్టి మన పెద్దవాళ్లలో చాలామందికి డిటెక్టివ్ కథల రుచి కూడా ఉర్దూలోనే తగిలింది: తీరథ్‌రామ్ ఫిరోజ్‌పురీ అనువాదాలు, 1952 నుంచి ఇబ్నె సఫీ 'జాసూసీ దునియా' నవలలు. తర్వాత కొమ్మూరి సాంబశివరావు నవలల్లోని డిటెక్టివ్ యుగంధర్, అతని అసిస్టెంట్ రాజు వచ్చారు, అద్దె పుస్తకాల షాపులు నిండిపోయాయి. 1962లో ఈ నవల నీడలోనే హిందీ సినిమా 'బీస్ సాల్ బాద్' వచ్చింది.

ఇన్నేళ్లు నిలబడటానికి కారణం కుక్క ఒక్కటే కాదు. బాస్కర్‌విల్ వంశాన్ని దయ్యపు కుక్క వెంటాడుతుందని ఊరి నమ్మకం, కానీ ఆ ఇంటి పెద్ద సర్ చార్లెస్‌ను అది కరవదు, భయంతోనే ఆయన గుండె ఆగిపోతుంది. మెరిసే కుక్కను చూశామని ఊళ్లో ముగ్గురు చెప్తారు, అందులో ఒకాయన రైతు, ఒకాయన గుర్రాలకు లాడాలు కొట్టేవాడు. వాళ్లు అబద్ధమాడలేదు! కుక్కకు ఎవరో వెలిగే మందు పూశారు. చూసింది నిజం, దయ్యమనుకోవడం ఒక్కటే పొరపాటు. డాయల్ ఆ పల్లెటూరివాళ్లను వెర్రివాళ్లను చేయకపోవడం నాకు ఎంతో నచ్చుతుంది.

ఇక బూటు సంగతి. లండన్ హోటల్లో వారసుడు హెన్రీ కొత్త బూటు ఒకటి పోతుంది, తర్వాత అది దొరుకుతుంది, ఈలోపు పాతది ఒకటి మాయమవుతుంది. తొడగని బూటుకు మనిషి వాసన ఉండదు, వాసన పట్టే కుక్కకు అది పనికిరాదు. ఆధారం మన కళ్లముందే పెట్టి మరీ దాస్తాడు డాయల్. హంతకుడెవరో చెప్పను గానీ అతని కన్ను ఆస్తి మీద. మన ఊళ్లలో బాణామతి గొడవల వెనక కూడా భూమి తగాదాలో, పాత పగలో ఎన్నిసార్లు బయటపడలేదు?

ఈ నవలను హైస్కూలు లైబ్రరీల్లో పెట్టాలి. బూటు పోయిన అధ్యాయం దాకా టీచర్ చదివి వినిపించి, కొత్తది ఎందుకు తిరిగొచ్చిందో పిల్లల్నే చెప్పమనాలి.