దాళ్వా కోతలయ్యాక గర్భసంచి ఆపరేషన్

“దాళ్వా కోతలయ్యాక గర్భసంచి తీయించేసుకుంటానండీ.” దాళ్వా అంటే రబీ వరి పంట. కోనసీమ పల్లెల్లో ఈ మాట పిప్పిపన్ను పీకించుకున్నంత తేలిగ్గా వినిపిస్తుంది. అనేవాళ్లకి చాలాసార్లు నలభై కూడా ఉండవు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల ఆడవాళ్లలో ఈ ఆపరేషన్ అయినవాళ్లు దేశం మొత్తమ్మీద 3.2 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం.

దీని వేరు కు.ని. (కుటుంబ నియంత్రణ) ఆపరేషన్‌లో ఉందనిపిస్తుంది నాకు. 1975-77 ఎమర్జెన్సీలో మగవాళ్లకి బలవంతంగా చేయించి ప్రభుత్వం చేతులు కాల్చుకుంది. తర్వాత ఆ బాధ్యతంతా ఆడవాళ్ల మీదికొచ్చింది. చిన్న వయసులో పెళ్లి, ఇద్దరు పిల్లలు, పాతికేళ్లు దాటకుండా ఆపరేషన్. ఇక గర్భసంచితో పనేముంది అన్న లెక్క అక్కడే మొదలైంది. పదేళ్లకి తెల్లబట్ట, నెలసరిలో ఎక్కువ రక్తం, ఊడ్పుల్లో వంగి వంగి నడుంనొప్పి. ఊళ్లో ఆర్ఎంపీ టౌన్‌కి పంపిస్తాడు, అక్కడ స్కానింగ్. “ఉంచితే క్యాన్సరవుద్ది” అని ఒక్కమాటంటే చాలు, పుస్తెలు తాకట్టు పెట్టయినా చేయించుకుంటారు. 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీతో ఆ తాకట్టు అవసరమూ తప్పింది. ప్రైవేటు ఆస్పత్రుల్లో ఈ ఆపరేషన్లు మరీ పెరిగిపోవడంతో పథకం కింద వీటిని ప్రభుత్వాసుపత్రులకే పరిమితం చేయాల్సి వచ్చింది.

తెల్లబట్ట చాలావరకు మందులతో తగ్గే ఇన్ఫెక్షనే. అసలు భయపడాల్సిన అండాశయ క్యాన్సర్ అలా చెప్పి రాదు. కడుపుబ్బరం, రెండు ముద్దలకే కడుపు నిండిపోవడం... వాటికి మనం గ్యాస్ మాత్ర వేసుకుంటాం. ఈ క్యాన్సర్లలో దాదాపు 90 శాతం పైపొర కణాల్లో పుట్టే ఎపిథీలియల్ రకం, పెద్ద వయసులో ఎక్కువ. అండకణాల్లో పుట్టేది పడుచుపిల్లలకీ వస్తుంది. హార్మోన్లు తయారుచేసే కణాల్లో పుట్టేది అరుదు. గర్భసంచి ఒక్కటే తీస్తే వీటి ముప్పు పోదు. పోనీ అని అండాశయాలూ తీసేస్తే ముప్ఫయ్యయిదేళ్లకే ముట్లుడిగిపోతాయి, ఒళ్లంతా వేడి ఆవిర్లు, ఎముకలు గుల్లబారడం.

అనవసరంగా గర్భసంచి తీయకుండా కేంద్రం 2022లో మార్గదర్శకాలిచ్చింది. మూడు నెలల్లో అమలు చేయమని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలకి చెప్పింది. ఆపరేషనైన వాళ్లని ‘అండాశయాలు ఉంచారా, తీసేశారా’ అని అడిగి చూడండి.

“ఏమోనండీ, అన్నీ శుభ్రంగా తీసేశామన్నారు.”