ఒక్క పిడుదు కాటు, రక్తంలో రెండు మూడు జబ్బుల జాడలు

పిడుదులు జబ్బులు మోస్తాయని గట్టిగా రుజువైంది 1893లో. అమెరికాలో పశువులను చంపుతున్న టెక్సాస్ జ్వరానికి మూలం ఎర్ర రక్తకణాల్లో చేరే బబేసియా అనే పరాన్నజీవి అనీ, దాన్ని ఎక్కించేది పిడుదులేననీ శాస్త్రవేత్తలు థియోబాల్డ్ స్మిత్, కిల్‌బోర్న్ చూపించారు. బబేసియా మనుషులకూ సోకుతుందని 1957లో యుగోస్లావియాలో బయటపడింది.

1970ల మధ్యలో అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో లైమ్ పట్టణం చుట్టుపక్కల చాలామంది పిల్లలకు మోకాళ్లు వాచాయి. తల్లులు పట్టు వదలకుండా అడగబట్టే పరిశోధన మొదలైంది. ఆ జబ్బుకు ఊరి పేరు మీదే లైమ్ అని పేరొచ్చింది. ఆ తల్లులకు దక్కాల్సిన గౌరవం ఇంకా పూర్తిగా దక్కలేదనిపిస్తుంది. 1981లో శాస్త్రవేత్త విల్లీ బర్గ్‌డార్ఫర్ పిడుదు కడుపులో లైమ్‌కు కారణమైన మెలికల బ్యాక్టీరియాను చూశారు. తర్వాత దానికి ఆయన పేరే పెట్టారు.

అక్కడి నుంచి లైమ్ పరీక్షలు ఎక్కువగా ఒకే రకం ప్రొటీన్ చుట్టూ తిరిగాయి. అదే సూక్ష్మజీవి మీద పోరాటానికి ఒళ్లు తయారుచేసే యాంటీబాడీ. 1994లో అమెరికాలోని డియర్‌బోర్న్‌లో జరిగిన నిపుణుల సమావేశం రెండంచెల పరీక్షను, అంటే మొదటి పరీక్ష ఫలితాన్ని రెండో దానితో నిర్ధారించుకునే పద్ధతిని, ఖరారు చేసింది. కానీ యాంటీబాడీలు తయారవడానికి వారాలు పడుతుంది, జబ్బు తగ్గాక కూడా ఏళ్ల తరబడి ఉండిపోతాయి. అంటే మొదట్లో జబ్బు ఉన్నా నెగెటివ్ రావచ్చు, తర్వాత పాజిటివ్ వచ్చినా అది పాతదో కొత్తదో చెప్పలేం.

అదే దశాబ్దంలో, తెల్లకణాల్లో చేరే అనాప్లాస్మా అనే బ్యాక్టీరియా కూడా లైమ్‌ను మోసే పిడుదు నుంచే వస్తుందని తేలింది. ఒక్క కాటుతో రెండు మూడు సూక్ష్మజీవులు ఒంట్లోకి రావచ్చు. లైమ్, బబేసియా కలిసి సోకినవాళ్లకు లక్షణాలు ఎక్కువగా, ఎక్కువ కాలం ఉంటున్నాయని 1996లో ఒక అధ్యయనం చెప్పింది.

రక్తంలోని ప్రొటీన్లలో ఒక్కో జబ్బు ఒక్కో మార్పు తెస్తుంది. బబేసియా ఎర్రకణాలను పగలగొడితే హీమోగ్లోబిన్ బయటకు చిందుతుంది. దాన్ని పట్టుకోవడంలో హాప్టోగ్లోబిన్ అనే రక్త ప్రొటీన్ ఖర్చయిపోతుంది. లైమ్ బ్యాక్టీరియా మన రక్తంలోని, సొంత కణాలపై దాడిని ఆపే ఫ్యాక్టర్ హెచ్ అనే ప్రొటీన్‌ను ఒంటికి పూసుకుని, రోగనిరోధక ప్రొటీన్ల దాడి తప్పించుకుంటుంది. అనాప్లాస్మాలో కాలేయ ఎంజైములు పెరుగుతాయి. 1930లో న్యుమోనియా రోగుల్లో కనుగొన్న సీఆర్‌పీ అనే ప్రొటీన్ మాత్రం ఏ ఇన్‌ఫెక్షన్‌లోనైనా పెరగొచ్చు. అందుకే అదొక్కటి చూసి ఏ జబ్బో తేల్చలేం.

అసలు చిక్కు, ఈ గుర్తులు ఒకదానిపై ఒకటి పడటం. పైగా ప్లాస్మా, అంటే రక్తంలోని ద్రవభాగం, ప్రొటీన్లలో సగానికి పైగా ఆల్బుమినే. మనకు కావాల్సినవి దాని చాటున అతి కొద్దిగా ఉంటాయి. బరువును బట్టి అణువులను గుర్తించే మాస్ స్పెక్ట్రోమెట్రీ వచ్చాక ఒకే నమూనాలో వందల ప్రొటీన్లను కలిపి చూడటం వీలైంది. ఏ జబ్బో తేల్చడం రోగులకు నేరుగా సంబంధించిన విషయం. డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ లైమ్‌కు, అనాప్లాస్మాకు పనిచేస్తుంది, బబేసియాకు సరిపోదు. దానికి అటోవక్వోన్, అజిత్రోమైసిన్ లాంటి మందులు కావాలి. అందుకే రక్త ప్రొటీన్ల అధ్యయనాల్లో కూడా లైమ్ రోగులందరికీ బబేసియా పరీక్ష ముందే చేయాలి. లేకపోతే హాప్టోగ్లోబిన్ తగ్గుదలను కూడా లైమ్ ఖాతాలోనే రాసేస్తాం.