కర్రతో తిన్నగా పొడవడం ఎందుకంత కష్టం?

జపాన్ యుద్ధకళల్లో ‘జో’ అనే కర్ర ఉంది. పొడవు సుమారు 128 సెంటీమీటర్లు, మందం 2.4 సెంటీమీటర్లు, బరువు అటూఇటుగా అర కిలో. ఎక్కువగా తెల్ల ఓక్ చెక్కతో చేస్తారు. మొన ఉండదు, పదును ఉండదు, ఏ చివర పట్టుకున్నా ఒకటే. కర్రసాము చూసి పెరిగిన మనకు కర్ర అనగానే గిరగిరా తిప్పడమే గుర్తొస్తుంది. జోను కూడా తిప్పుతారు, దాంతో కొడతారు. కానీ ఐకిడో అనే జపాన్ యుద్ధకళలో మొరిహిరో సైతో అనే గురువు కూర్చిన 20 ప్రాథమిక సాధనల్లో మొదటి ఐదూ పోట్లే. అన్నిటికంటే ముందు వచ్చేది ‘చోకు త్సుకి’, అంటే నేరుగా ముందుకు పొడవడం. ఇందులో నేర్చుకోవడానికి ఏముంది అనిపిస్తుంది. నన్నడిగితే కర్ర సాధన మొత్తంలో ఇంతకంటే కష్టమైనది లేదు. ఆ కష్టం మన శరీరం అమరికలోనే ఉంది.

భుజం, మోచెయ్యి, మణికట్టు అన్నీ తిరిగే కీళ్ళు. ఒక్క కీలు మాత్రమే కదిలితే చెయ్యి వంపుగానే వెళ్తుంది. తిన్నటి గీత రావాలంటే ఒక కీలు తెచ్చిన వంపును ఇంకో కీలు అదే క్షణంలో సరిచెయ్యాలి. బల్ల మీది గ్లాసు అందుకునేటప్పుడు మనకు తెలియకుండానే ఈ పని జరిగిపోతుంది. ఇలాంటి కదలికలను కొలిచి పియెత్రో మొరాస్సో అనే పరిశోధకుడు 1981లో ఒక విషయం చూపించాడు: కీళ్ళ కోణాలు ఎంత చిక్కుగా మారుతున్నా, చెయ్యి మాత్రం దాదాపు సరళరేఖలోనే వెళ్తుంది. అయితే అది పసితనం నుంచీ అలవాటైన ఒంటిచేతి పని. రెండు చేతులతో ఒకే కర్ర పట్టుకుంటే మెదడుకు లెక్క మళ్ళీ మొదటికొస్తుంది.

ఆ లెక్క ఒకసారి దగ్గరగా చూద్దాం. ఎడమ కాలు ముందు, కుడి కాలు వెనక, ఒళ్ళు సగం పక్కకు తిరిగి ఉంటుంది. కుడి చెయ్యి కర్ర వెనక చివరను పట్టుకుని తుంటి దగ్గర ఉంటుంది. ఎడమ చెయ్యి దానికి 40 సెంటీమీటర్లు ముందుంది అనుకుందాం. అక్కడి నుంచి ముందు కొనదాకా ఇంకా 88 సెంటీమీటర్ల కర్ర ఉంది. కుడి చెయ్యి ఒక్క సెంటీమీటరు కుడికి జరిగితే, ఎడమ చెయ్యి ఇరుసుగా మారి, కొన రెండు సెంటీమీటర్లకు పైగా ఎడమకు పోతుంది. మోచెయ్యి కాస్త బయటికి తెరుచుకుంటే చాలు, ఈ తప్పు జరిగిపోతుంది. కొత్తవాళ్ళలో కనిపించేది సరిగ్గా ఇదే. కొన తప్పిందని వాళ్ళు ముందు చెయ్యిని సర్దుతూ ఉంటారు, తప్పేమో వెనక చెయ్యిది. ముందు చెయ్యి దారి చూపాలి, వెనక చెయ్యి తుంటి నుంచి బొడ్డుకు ఎదురుగా వచ్చేలా తొయ్యాలి. చివరి క్షణంలో రెండు మణికట్లూ తడిబట్ట పిండినట్టు లోపలికి బిగుస్తాయి. పట్టు చిటికెన వేలు, ఉంగరపు వేలు వైపు ఉంటుంది. ముందే బిగించేస్తే భుజాలు పైకి లేస్తాయి, పోటు అక్కడే ఆగిపోతుంది.

భుజం లేస్తే అంత నష్టం ఎందుకు? కర్రను విసిరితే అవతలివాడికి తగిలేది అర కిలో బరువే. తుంటి, నడుము, భుజం ఒక వరుసలో గట్టిగా నిలిస్తే కర్ర వెనక మన ఒంటి బరువు కూడా చేరుతుంది. పైగా ఆ బలమంతా నాలుగున్నర చదరపు సెంటీమీటర్ల గుండ్రటి చివర మీదకే వస్తుంది. రొమ్ము ఎముక కింది గుంటలో తగిలితే డయాఫ్రం (ఊపిరి ఆడించే కండరం) పట్టేసి కాసేపు ఊపిరి ఆడదు. మొన లేని కర్ర కత్తికి ఎదురు నిలవడానికి ఇదొక కారణం. 17వ శతాబ్దపు జో యోధుడు ముసో గొన్నొసుకే గురించిన సంప్రదాయ కథలో కూడా ఈ గుంటే వస్తుంది. పేరుమోసిన కత్తివీరుడు మియమోతో ముసాషి చేతిలో ఓడి, ఫుకువోకా దగ్గరి హోమన్ కొండ మీద తపస్సు చేసిన ఆయనకు, గుండ్రటి కర్రతో ఆ చోటునే తెలుసుకోమని దైవవాణి వినిపించిందట. కథలో నిజమెంతో గానీ, ఆ చోటు ఎంపికలో శరీరజ్ఞానం మాత్రం ఉంది.

బలం మొదలయ్యేది కాళ్ళలో. చెయ్యి ఎత్తబోయే ముందే, ఒళ్ళు తూలకుండా కాళ్ళ కండరాలు బిగుస్తాయని 1960ల్లోనే రష్యన్ పరిశోధకులు కొలిచి చూపించారు. పోటులో ఈ వరుసనే పెంచి వాడుకుంటాం: వెనక పాదం నేలను తోస్తుంది, తుంటి కదులుతుంది, చెయ్యి చివరికి వస్తుంది. కొత్తలో టెన్షన్ పడి చెయ్యిని ముందు పంపిస్తే అడుగు వెనకబడిపోతుంది. ముందు పాదం నేలకు ఆనడం, కొన గురికి చేరడం ఒకేసారి జరగాలి. అందుకే మొదట్లో వేగం వద్దే వద్దు.

ఇంకొకటి, సాధన చేసేటప్పుడు మోచెయ్యి గురించి ఆలోచించకండి. గాబ్రియేల్ వుల్ఫ్ అనే పరిశోధకురాలు 1990ల చివరి నుంచి చేసిన ప్రయోగాల్లో, తమ అవయవాల మీద కాకుండా కదలిక ఫలితం మీద మనసు పెట్టినవాళ్ళు సాధారణంగా మెరుగ్గా నేర్చుకున్నారు. ఇక్కడ ఫలితం అంటే కర్ర కొన. పెద్ద అద్దం ముందు, తగలనంత దూరంలో నిలబడి, అద్దంలోని మీ కంటికేసి మెల్లగా పొడవండి. కర్ర తిన్నగా ఉంటే గుండ్రటి చివర మాత్రమే కనిపిస్తుంది. పక్కన ఏ కాస్త పొడవు కనిపించినా, వెనక చెయ్యి ఎటు పోయిందో అదే చెప్తుంది. ఎదుటివాడికి కూడా ఆ గుండ్రటి చుక్కే కనిపిస్తుంది కాబట్టి, కర్ర పొడవెంతో, ఎంత దూరంలో ఉందో అంచనా వెయ్యడం అతనికి కష్టం.

అఖిల జపాన్ కెండో (కత్తిసాము) సమాఖ్య నేర్పే జోడోలో, అంటే జో కర్ర విద్యలో, 12 ప్రాథమిక పద్ధతులను మొదట ఒంటరిగా, తర్వాత చెక్కకత్తి పట్టిన జోడీతో చేయిస్తారు. జోడీ వచ్చాక గురి కదులుతుంది, దూరం మారుతుంది, పైగా ఎదుటి మనిషికి దెబ్బ తగలకుండా కొనను ఆపాల్సి వస్తుంది. అలా ఆపాలన్నా మళ్ళీ కాళ్ళూ తుంటే పని చెయ్యాలి. చేతులతో పొడిచేవాళ్ళు చేతులతోనే ఆపబోతారు, కొన ఊగిపోతుంది. ఎవరి పోటు ఎక్కడి నుంచి వస్తోందో గురువుకు అక్కడే తెలిసిపోతుంది.