స్పేస్ ఇన్వేడర్స్: అపోహలు - వాస్తవాలు

గేమ్ ప్రోగ్రామింగ్ నా పని. మా టీమ్‌లో కొత్తగా ఎవరు చేరినా మొదట స్పేస్ ఇన్వేడర్స్‌ని సొంతంగా రాసుకురమ్మంటాను. 1978లో జపాన్‌లో టైటో కంపెనీ తెచ్చిన ఆర్కేడ్ ఆట అది, అంటే మెషీన్‌లో నాణెం వేసి ఆడేది. దాని గురించి వాళ్లు నాకు చెప్పే మాటలు ఇంచుమించు ఒకేలా ఉంటాయి, వాటిలో చాలావరకు తప్పు.

అపోహ: మొట్టమొదటి వీడియో గేమ్ ఇదే.

కాదు. అమెరికాలో ఎంఐటీ యూనివర్సిటీ కుర్రాళ్లు 1962కల్లా స్పేస్‌వార్ ఆడుకుంటున్నారు, 1972లో అటారీ కంపెనీ ఆట పాంగ్ వచ్చింది. స్పేస్ ఇన్వేడర్స్‌ని తయారుచేసిన తొమొహిరో నిషికాడోకి ఊపునిచ్చింది కూడా 1976 నాటి అటారీ బ్రేకౌటే. అందులో బంతితో ఇటుకలు పగలగొడుతుంటే అవి కదలకుండా పడుంటాయి. నిషికాడో ఆటలో ఇటుకల బదులు శత్రువులు వరుసలు కట్టి మన మీదికి దిగుతాయి, పైగా తిరిగి కాలుస్తాయి.

అపోహ: గ్రహాంతర జీవుల ఆటగానే మొదలైంది.

ముందు ట్యాంకులు, విమానాలు పెట్టి చూశారు, కదలిక నప్పలేదు. మనుషుల బొమ్మలైతే బాగా కదిలాయి కానీ మనుషుల్ని కాల్చే ఆట వద్దనుకున్నారు. అలా ఆక్టోపస్, పీత, స్క్విడ్ పోలికలున్న ఆ జీవులొచ్చాయి.

అపోహ: శత్రువులు తగ్గేకొద్దీ వేగం పెరగడం ముందే వేసుకున్న ప్లాన్.

నాకు అన్నిటికంటే ఇష్టమైన విషయం ఇది. లోపల ఉన్నది ఇంటెల్ 8080 అనే చిప్, వేగం 2 మెగాహెర్ట్జ్. తెర మీద 5 వరుసల్లో 11 చొప్పున 55 శత్రువులు. అన్నిటినీ ఒక్కసారిగా జరిపి గీయడం ఆ చిప్ వల్ల కాదు, అందుకే తెర మారిన ప్రతిసారీ (దీన్నే ఫ్రేమ్ అంటాం), అంటే సెకనులో 60వ వంతుకి, ఒక్క శత్రువు మాత్రమే అడుగేస్తుంది. 55 ఉంటే అందరూ ఒక అడుగు వేయడానికి దాదాపు సెకను పడుతుంది, 10 మిగిలితే ఆరో వంతు చాలు, చివరి ఒక్కటీ ఆగకుండా పరుగెడుతుంది. నిషికాడో దీన్ని కావాలని పెట్టలేదు, కానీ టెస్ట్ చేస్తున్నప్పుడు ఆడేవాడికి టెన్షన్ పెరుగుతోందని గమనించి అలాగే ఉంచేశారు. చిప్ నెమ్మది కాబట్టి ఆట అదృష్టవశాత్తూ బాగుందని కొందరు తేల్చేస్తారు, నేను ఒప్పుకోను, అదే లోపాన్ని ఇంకొకరైతే సరిదిద్దేసేవారు.

మా వాళ్లలో ఒకమ్మాయి మొదట 55 శత్రువుల్నీ ఒకే లూప్‌లో కదిపింది. అంతా పలకలా ఒకేసారి జరిగింది, సగం చచ్చినా అదే వేగం. ఫ్రేమ్‌కి ఒకటి చొప్పున కదిపి చూడమన్నాను. వరుస వరుసంతా అలలా ఊగుతూ నడవడం మొదలెట్టింది, చివరి నాలుగు మిగిలేసరికి ఆ అమ్మాయి కుర్చీ అంచుకి వచ్చేసింది.

అపోహ: ఈ ఆట వల్ల జపాన్‌లో 100 యెన్ల నాణేలు కరువయ్యాయి.

అందరూ నమ్మే కథ, కానీ టంకశాల లెక్కలు దీనికి వంత పాడవు. 1978, 79ల్లో ముద్రించిన 100 యెన్ల నాణేలు 1977లో ముద్రించిన వాటికంటే తక్కువే. ఆట ఎంత ఆడిందో చెప్పడానికి ఈ కథ అక్కర్లేదు, 1980లో ఇంట్లో టీవీకి తగిలించి ఆడే అటారీ 2600 మెషీన్‌కి వచ్చినప్పుడు ఆ ఒక్క క్యాసెట్ కోసమే మెషీన్ కొన్నవాళ్లున్నారు.

రంగుల గురించి కూడా అడుగుతుంటారు. మొదట్లో వచ్చిన మెషీన్లలో తెర బ్లాక్ అండ్ వైటే, దాని మీద రంగు సెల్లోఫేన్ పట్టీలు అతికించేవారు.

అపోహ: తెర పైభాగంలో అప్పుడప్పుడూ వెళ్లే సాసర్‌కి (ఎగిరే పళ్లేనికి) పాయింట్లు లాటరీలా వస్తాయి.

అలా అనిపిస్తుంది, అంతే. లోపల ప్రోగ్రామ్ మన షాట్లు లెక్కపెడుతుంది. ఒక్కో రౌండ్‌లో 23వ షాట్‌కి సాసర్‌ని కొడితే 300, ఆ తర్వాత ప్రతి 15వ షాట్‌కీ మళ్లీ 300. అసలు ఆర్కేడ్ వెర్షన్ దొరికితే మొదటి 22 షాట్లు లెక్కపెట్టుకుంటూ కాల్చండి, సాసర్ వచ్చేదాకా 23వది దాచుకోండి.