వృక్షశాస్త్ర ఉద్యానవనాలు: అపోహలు - వాస్తవాలు

హెర్బేరియంలో (ఎండబెట్టిన మొక్కల నమూనాలను భద్రపరిచే చోట) పనిచేసేవారికి తరచూ వినిపించే అభిప్రాయాలలో కొన్నింటిని, ముఖ్యంగా కలకత్తా పక్కన హౌరా దగ్గరి శిబ్‌పూర్ బొటానికల్ గార్డెన్ గురించి చెప్పుకునేవాటిని, ఇక్కడ పరిశీలిద్దాం.

అపోహ: బొటానికల్ గార్డెన్ అంటే కాస్త పెద్ద పార్కు.

వాస్తవం: చెట్టుకు కట్టిన చిన్న లోహపు రేకును గమనిస్తే తేడా తెలుస్తుంది. దాని మీద పేరుతో పాటు ఒక సంఖ్య ఉంటుంది. ఆ సంఖ్యతో రిజిస్టరు తెరిస్తే విత్తనం ఎక్కడి నుంచి, ఎవరి ద్వారా, ఏ సంవత్సరంలో వచ్చిందో తెలియాలి. రేకు ఊడిపోయి ఆ వివరాలు జత కుదరకపోతే, చెట్టు ఎంత ఏపుగా ఉన్నా పరిశోధకుడికి దాని విలువ చాలావరకు పోయినట్టే. పూలు అంతగా లేవని సందర్శకులు చిన్నబుచ్చుకోవడం మామూలే కానీ, ఈ తోటలు పూల కోసం వేసినవి కావు.

అపోహ: ఇవి రాజుల విలాసం కోసం పుట్టాయి.

వాస్తవం: ఇటలీలోని పీసాలో వైద్యుడు, వృక్షశాస్త్రవేత్త లూకా గినీ నెలకొల్పిన తోట గానీ, 1545లో పాదువాలో వెలసిన తోట గానీ వైద్య విద్యార్థులు మూలికలను సరిగా గుర్తుపట్టడం నేర్చుకోవడానికి ఏర్పడినవే. పీసా తోట తర్వాత చోటు మారింది. పాదువా తోట మాత్రం నేటికీ మొదటి స్థలంలోనే ఉంది.

అపోహ: శిబ్‌పూర్ తోటను వృక్షశాస్త్రవేత్తలు శాస్త్రం కోసమే స్థాపించారు.

వాస్తవం: 1787లో దానికి పునాది వేసిన రాబర్ట్ కిడ్ ఈస్టిండియా కంపెనీ సైన్యాధికారి. 1770 నాటి బెంగాల్ కరువు జ్ఞాపకం ఇంకా చెరగని ఆ రోజుల్లో, సగ్గుబియ్యమిచ్చే తాటిజాతి చెట్లు, ఖర్జూరం వంటివి జనానికి ఆహారంగా అందుతాయని ఆయన ఆశించారు. కంపెనీ ఆశ మాత్రం సుగంధద్రవ్యాల మీదా, ఓడలకు పనికివచ్చే టేకు మీదా ఉంది. జాజికాయ, లవంగం అక్కడి వాతావరణానికి నిలవలేదు. నా దృష్టిలో ఆ తోటను నిజమైన శాస్త్రస్థానంగా మలిచింది 1793లో బాధ్యత తీసుకున్న వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్.

అపోహ: ఈ చరిత్రలో తెలుగునేలకు చోటు లేదు.

వాస్తవం: కలకత్తా వెళ్లకముందు రాక్స్‌బర్గ్ సామర్లకోటలో కంపెనీ వైద్యుడిగా ఉంటూ మిరియాలు మొదలైనవాటిని ప్రయోగాత్మకంగా సాగుచేశారు, భారతీయ చిత్రకారుల చేత మొక్కల బొమ్మలు వేయించారు. 1795 నుంచి వెలువడిన ఆయన కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథానికి ఆ బొమ్మలే ఆధారం. వర్ణనలలో తెలుగు పేర్లనూ నమోదు చేశారు. జ్వరాలకు వాడే సింకోనా బెరడుకు బదులుగా ఇక్కడి సోమిద చెట్టు బెరడు పనిచేస్తుందేమోనని పరీక్షించారు కూడా. అంటే ఆయన శిబ్‌పూర్‌కు వట్టి చేతులతో వెళ్లలేదు. గోదావరి ప్రాంతపు పరిశీలనను వెంట తీసుకువెళ్లారు. 1814లో శ్రీరాంపూర్‌లో అచ్చయిన ఆ తోట మొక్కల పట్టికలో ఏ మొక్క ఎక్కడిది, ఎవరిచ్చారు, ఎప్పుడు వచ్చింది అనే వివరాలకు విడివిడిగా గడులు ఉన్నాయి.

అపోహ: శిబ్‌పూర్ మహావటవృక్షపు అసలు మాను నేటికీ నడుమనే ఉంది.

వాస్తవం: తుఫాను దెబ్బల తర్వాత శిలీంధ్రం పట్టి కుళ్లిన ఆ మానును 1925లో తొలగించారు. ఇప్పుడు జనం పక్కన నిలబడి ఫోటోలు దిగే మానులన్నీ నేలకు దిగి వేళ్లూనిన ఊడలే.