టంగ్‌స్టన్ కడ్డీలో ఒక చిన్న రంధ్రం

"టంగ్‌స్టన్ 3,422 డిగ్రీల దగ్గర కరుగుతుందని పుస్తకంలో ఉంది. అంత వేడిని కొలిచే థర్మామీటరు దేంతో చేస్తారు సార్? ముందు అదే కరిగిపోదా?" అని ఇంటర్ చదివే ఒక అమ్మాయి అడిగింది. ఎంత చక్కటి ప్రశ్న! మన ఇంజనీరింగ్ కాలేజీల్లో ఇనుము–కార్బన్ ఫేజ్ డయాగ్రమ్ అనే పటాన్ని కంఠతా పట్టిస్తారు. 727 డిగ్రీల దగ్గర ఒక గీత, 1,147 దగ్గర ఇంకో గీత. పరీక్షలో స్కేలు పెట్టి గీస్తే మార్కులు పడతాయి. ఆ గీత అక్కడే ఎందుకుంది, ఎవరు ఏం చూసి గీశారు అని నాలుగేళ్ల చదువులో ఒక్కరూ అడగరు. ఈ అమ్మాయి అడిగింది కాబట్టి, ఇనుము కంటే చాలా మొండి జంటనే తీసుకుని చెబుతాను: టంగ్‌స్టన్, రీనియం.

రీనియం 1925లో జర్మనీలో బయటపడింది. మూడేళ్ల తర్వాత మొదటి గ్రాము తీయడానికి 660 కిలోల మాలిబ్డినైట్ ఖనిజం ఖర్చయింది. ఇంత అరుదైన లోహాన్ని టంగ్‌స్టన్‌లో ఎందుకు కలపాలి? మామూలు వేడిలో టంగ్‌స్టన్ పెళుసు. వంచబోతే విరుగుతుంది. రీనియం కలిపితే ఆ పెళుసుతనం తగ్గి సాగే గుణం వస్తుందని 1955లో గీచ్, హ్యూస్ అనే ఇద్దరు చూపించారు. అయితే ఎంత కలపాలి? ఆ సంగతి చెప్పేదే ఫేజ్ డయాగ్రమ్. ఎంత పాళ్లలో కలిపి ఎంత వేడి చేస్తే లోపల ఏ ఏ రూపాలు ఉంటాయో చూపించే పటం అది.

పటం గీయాలంటే లోహాన్ని కరిగించాలి. కరిగించాలంటే మూస, అంటే ఆ వేడిని తట్టుకునే పాత్ర కావాలి. ఇక్కడే మొదటి చిక్కు. అల్యూమినా మూస 2,072 డిగ్రీలకే కరిగిపోతుంది. జిర్కోనియా 2,715 దగ్గర చేతులెత్తేస్తుంది. గ్రాఫైట్ తట్టుకుంటుంది గానీ, దానిలోని కార్బన్ టంగ్‌స్టన్‌తో కలిసి కార్బైడ్ అవుతుంది. మనం కొలవాలనుకున్న లోహం అప్పుడు అక్కడ ఉండదు. గాలి తగిలితే రెండు లోహాలూ ఆక్సైడ్లుగా ఆవిరైపోతాయి. కాబట్టి ఇది శూన్యంలోనో ఆర్గాన్ వాయువులోనో పాత్ర లేకుండా చేయాల్సిన వంట.

బెర్లిన్‌లో విద్యుత్ దీపాల మీద పనిచేసిన మార్చెల్లో పిరానీ, హన్స్ ఆల్టర్‌టుమ్ 1923లో దీనికి ఒక దారి చూపించారు. లోహాన్ని సన్నటి కడ్డీగా చేసి, రెండు చివరలనూ నీటితో చల్లబరిచే బిగింపుల్లో పెట్టి, దాని గుండా కరెంటు పంపారు. నడుమ భాగం తెల్లగా వెలుగుతుంది, చివరలు చల్లగా ఉంటాయి. కడ్డీ తన మూస తానే అయింది. దాని మధ్యలో సూది మొనంత రంధ్రం ఒకటి తొలిచారు. ఈ పద్ధతి ప్రాణమంతా ఆ రంధ్రంలోనే ఉంది.

ఎందుకో చూద్దాం. మిట్టమధ్యాహ్నం సున్నం వేసిన ఇంటి వంక దూరం నుంచి చూడండి. గోడ కళ్లు జిగేల్‌మనేలా ఉంటుంది, తెరిచిన కిటికీ మాత్రం నల్లగా కనిపిస్తుంది. లోపలి గోడలకూ సున్నమే వేశారు కదా! కానీ కిటికీలోంచి లోపలికి పోయిన వెలుతురు గోడ నుంచి గోడకు తగులుతూ, తగిలిన ప్రతిసారీ కొంత పోగొట్టుకుంటుంది. మళ్లీ కిటికీ దారి పట్టి బయటికొచ్చేది బహు స్వల్పం. ఏ వస్తువు వెలుగును ఎంత బాగా మింగుతుందో, వేడెక్కినప్పుడు అంత బాగా వెలుగుతుందని 1859లో కిర్కాఫ్ తేల్చాడు. కాబట్టి చల్లగా ఉన్నప్పుడు అన్నిటికంటే నల్లగా కనిపించే రంధ్రమే ఎర్రగా కాలినప్పుడు అన్నిటికంటే ఎక్కువగా మెరుస్తుంది. దీన్ని కుంపట్లో అందరూ చూసే ఉంటారు. బొగ్గుల పైభాగం కంటే బొగ్గుల మధ్య సందులే ప్రకాశంగా ఉంటాయి.

లెక్క వేద్దాం. వేడెక్కిన టంగ్‌స్టన్ ఉపరితలం ఎరుపు కాంతిలో దాదాపు 43 శాతాన్ని మింగి 57 శాతాన్ని తిప్పికొడుతుంది. రంధ్రంలో కాంతి ఐదుసార్లు తగిలితే మిగిలేది 6 శాతం. ఎనిమిదిసార్లయితే 1 శాతం. అంటే కాస్త లోతున్న రంధ్రం దాదాపు సంపూర్ణమైన కృష్ణవస్తువు, తనపై పడిన కాంతినంతా మింగేసే వస్తువు. దాని వెలుగును లోహం గుణం కాక ఉష్ణోగ్రత ఒక్కటే నిర్ణయిస్తుంది. రంధ్రం లేకుండా నేరుగా పైభాగాన్నే చూస్తే? నిజంగా 3,000 కెల్విన్ ఉన్న టంగ్‌స్టన్ 2,690 కెల్విన్‌గా కనిపిస్తుంది. 300 డిగ్రీలకు పైగా తప్పు! పైగా రీనియం పాలు మారితే ఉపరితలం వెలిగే తీరూ మారుతుంది. అప్పుడు మనం గీసేది కరుగుదల పటం కాదు, మెరుపుల పటం.

అమ్మాయి ప్రశ్నకు జవాబు ఇదే. ఇంత వేడిలో థర్మామీటరు వేడిని తాకదు, దూరం నుంచి చూస్తుంది. వెండి గడ్డకట్టే 961.78 డిగ్రీల పైన అంతర్జాతీయ ఉష్ణోగ్రతా ప్రమాణాన్నే కాంతి ఆధారంగా నిర్వచించారు. ఇలా వెలుగును చూసి వేడిని కొలిచే పరికరం పైరోమీటరు. దాని పాత రకంలో ఒక చిన్న తీగ ఉంటుంది. దాని వెలుగును పెంచుతూ తగ్గిస్తూ పోతే, రంధ్రం వెలుగుతో సరిపోయిన క్షణాన తీగ కంటికి కనిపించకుండా మాయమవుతుంది. ఆ తీగలో పారుతున్న కరెంటును బట్టి ఉష్ణోగ్రత తెలుస్తుంది.

ఇప్పుడు రంధ్రం చేసే రెండో పని, నాకు మరీ ముచ్చటైనది. కరెంటు పెంచుతూ పోతుంటే ఒకచోట లోహం కరగడం మొదలవుతుంది. ఆ తొలి ద్రవం తలతన్యత వల్ల రంధ్రంలోకి పాకి దాన్ని పూడ్చేస్తుంది. లోతు పోయింది కాబట్టి కృష్ణవస్తువూ పోయింది. అంతవరకూ మెరుస్తున్న చుక్క చప్పున మసకబారి చుట్టూ ఉన్న ఉపరితలంలో కలిసిపోతుంది. వేడి ఎంతో చెప్పిన రంధ్రమే కరుగుదల మొదలైందనీ చెప్పింది. కరెంటుతో వేడెక్కే కడ్డీలో పైభాగం కంటే నడిబొడ్డు ఎక్కువ వేడిగా ఉంటుంది. రంధ్రం చూసేదీ ఆ లోపలి భాగాన్నే.

ఇలా రకరకాల పాళ్ల కడ్డీలతో మళ్లీ మళ్లీ చేస్తే టంగ్‌స్టన్–రీనియం పటంలో ఒక లోయ బయటపడుతుంది. టంగ్‌స్టన్ 3,422 దగ్గర, రీనియం 3,186 దగ్గర కరుగుతాయి. ఈ రెండింటినీ సరైన పాళ్లలో కలిపితే సుమారు 2,825 దగ్గరే కరుగుతుంది. రీనియం అంచు నుంచి చూస్తే లోయ లోతు 360 డిగ్రీలు. రంధ్రం లేని కొలతలో వచ్చే తప్పు కూడా దాదాపు అంతే!

అయితే కరగడం ఎక్కడ మొదలవుతుందో రంధ్రం చెబుతుంది గానీ, ఎక్కడ పూర్తవుతుందో చెప్పలేదు. అప్పటికే కడ్డీ తెగి పడిపోతుంది. ఘనరూపంలోని సరిహద్దులకు వేరే ఉపాయం ఉంది. రెండు లోహాల పలకలను ఒకదానికొకటి నొక్కి, చాలాసేపు వేడిలో ఉంచి, చప్పున చల్లార్చి, అడ్డంగా కోసి చూస్తారు. మధ్యలో సిగ్మా, కై అనే కొత్త పదార్థాలు పొరలుగా పేరుకుని ఉంటాయి. ప్రతి పొర అంచున సంఘటనాన్ని ఎలక్ట్రాన్ పుంజంతో కొలిస్తే పటంలోని సరిహద్దులు వచ్చేస్తాయి. రెండు మూలకాల జంటలో, స్థిరమైన ఉష్ణోగ్రత, పీడనాల దగ్గర, రెండు ప్రావస్థలు (ఫేజ్‌లు, అంటే రూపాలు) కలగలిసిన పొర ఏర్పడదు. గిబ్స్ ప్రావస్థల నియమం ప్రకారం అలాంటి చోట రసాయన పొటెన్షియల్ (పరమాణువులు ఎటు కదలాలో నిర్ణయించే మట్టం) అంతటా ఒకటే అవుతుంది. వాలు లేనిదే పరమాణువులు కదలవు, పొర పెరగదు. అందుకే అంచులు కత్తితో కోసినట్టు స్పష్టంగా ఉంటాయి.

సిగ్మా గురించి ఒక మాట. ఐదు లోహాలు కలిపితే ఐదింటి మంచీ ఒక్కచోట చేరుతుందని పంచలోహ ఉంగరాలు అమ్మేవాళ్లు చెబుతారు. లోహాలు అలా కూడికలు చేయవు. మెత్తటి రాగిలో మెత్తటి తగరం కలిపితే, కింద పడితే పగిలే గంట కంచు వస్తుంది. రీనియం కొద్దిగా కలిస్తే టంగ్‌స్టన్ సాగుతుంది. మోతాదు మించితే సిగ్మా పుడుతుంది. ముప్ఫై పరమాణువుల చిక్కటి అల్లికతో, రెండు తల్లిలోహాల కంటే పెళుసుగా ఉంటుంది.

ఈ సరిహద్దు విలువ ఎంతో ఒక తీగలో చూడవచ్చు. థర్మోకపుల్ అంటే రెండు వేర్వేరు లోహపు తీగలను కలిపి వేడిని కొలిచే సాధనం. సుమారు 2,300 డిగ్రీల వరకు పనిచేసే థర్మోకపుల్‌లో ఒక తీగలో 5 శాతం, మరోదానిలో 26 శాతం రీనియం ఉంటుంది. 26 దగ్గర ఆగడానికి కారణం, దాన్ని బాగా దాటితే తీగలో సిగ్మా వచ్చే భయమే. అన్నట్టు, ఈ జంటలో బరువు శాతానికీ పరమాణు శాతానికీ తేడా దాదాపు లేదు. బరువులో 26 అంటే పరమాణువుల్లో 25.8. రెండింటి పరమాణు భారాలూ అంత దగ్గరగా ఉంటాయి. విద్యార్థులకు ఇంత సుఖమైన జంట అరుదు.

తక్కువ వేడిలో ఈ పటాన్ని ప్రయోగంతో గీయడం చాలా కష్టం. 1,000 డిగ్రీల దగ్గర కూడా పరమాణువులు ఎంత మెల్లగా కదులుతాయంటే, అవి సమతాస్థితికి చేరేదాకా ఎదురుచూడటం మనిషి వల్ల కాదు. అక్కడ లెక్కలే దిక్కు. పరమాణు కేంద్రకాలను కలిపి శక్తి తీసే ఫ్యూజన్ రియాక్టర్ల కోసం టంగ్‌స్టన్‌ను పరీక్షిస్తుంటే ఒక విషయం బయటపడింది. న్యూట్రాన్లు తగిలిన టంగ్‌స్టన్‌లో కొంత తనంతట తానే రీనియంగా మారుతుంది. అంతేకాదు, రీనియం 5 శాతమే ఉన్న మిశ్రమంలో, పటం ప్రకారం సిగ్మా, కై రాకూడని చోట, న్యూట్రాన్ల దెబ్బకు ఆ రెండూ సన్నటి రేణువులుగా వచ్చి కూర్చున్నాయి.